అంకెలలోనూ, అక్షరాలలోనూ



డబ్బు దగ్గర తగవు వచ్చిందంటే, ఎవరో ఒకరు మోసము చేసి ఉంటారని మనము వెంటనే అనుకుంటాము. కాని అన్ని తగవులూ మోసమువల్ల రావు. ఇచ్చినవారు మంచివారే, పుచ్చుకున్నవారూ మంచివారే. వారిద్దరూ బ్రతికి ఉన్నంతకాలము ఎంత ఇచ్చినదీ, ఎంత పుచ్చుకున్నదీ ఇద్దరికీ జ్ఞాపకమున్నది. వారు పోయిన తరువాత పిల్లలు పెట్టె తెరిచి కాగితము తీస్తారు. ఒక ఇంటివారు దానిని అరవై వేలని చదువుతారు. మరొక ఇంటివారు ఇరవై వేలని చదువుతారు. అబద్ధమాడుతున్నవారు ఎవరూ లేరు. కాగితమే రెండు మాటలు చెబుతున్నది. అంతటితో రెండు కుటుంబాల మధ్య రాకపోకలు ఆగిపోతాయి.

పైకము విషయములో వ్రాత అనేది వ్రాసినవారికోసము కాదు. మనము ప్రక్కన లేనప్పుడు, మన ముఖము తెలియనివారు చదివినా ఒకే మొత్తము కనబడాలి. అలా కనబడితేనే అది పూర్తిగా వ్రాసినట్లు. ఈ సంగతిని ఇంటి లెక్కలలో, అప్పు కాగితాలలో, సంఘము పుస్తకాలలో ఎలా పాటించాలో కొంచెము నిదానముగా చూద్దాము.

బంధువుల మధ్య వ్రాత ఎందుకు?

"మనలో మనకు కాగితాలేమిటి?" అనే మాట మన ఇళ్లలో తరచుగా వినబడుతుంది. కాగితము అడిగితే అనుమానించినట్లవుతుందని మొగమాటపడతాము. యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయము జ్ఞాపకము చేసుకోండి. అనాతోతులోని పొలమును ప్రవక్త ఎవరో పరాయివారి దగ్గర కొనలేదు. తన పినతండ్రి కుమారుడైన హనమేలు దగ్గర కొన్నాడు. వెల 17 తులముల వెండి. అయినా క్రయపత్రము వ్రాశాడు, ముద్ర వేశాడు, సాక్షులను పిలిచాడు, వెండిని వారి ఎదుట త్రాసులో తూచి ఇచ్చాడు. ముద్రవేసిన పత్రమును, దానితోపాటు ముద్రలేని ప్రతిని మట్టికుండలో భద్రపరచమని చెప్పాడు. చాలాకాలము నిలవాలని ఆ ఏర్పాటు. సొంత మనుషుల మధ్యనే, తరువాతి కాలము కోసము, ఇంత జాగ్రత్త తీసుకున్నారు. అందులో అనుమానము ఎక్కడా లేదు, ముందుచూపు ఉన్నది.

నోటి మాట వేరు, వ్రాత వేరు

మన తెలుగు మాటలలో లెక్క చెప్పే తీరు సొంపుగా ఉంటుంది, పొదుపుగా కూడ ఉంటుంది. గేదెను ఎంతకు కొన్నావంటే "అరవై అయిదు" అంటాము. వేలు అనే మాట చెప్పనక్కరలేదు, వినేవాడికి తెలుసు. స్థలము ధర "లక్షా ఇరవై" అంటే 1,20,000 అని అర్థము చేసుకుంటాము. కాని ఆ మాటను ఉన్నదున్నట్లు కాగితము మీద పెడితే 1,00,020 అని కూడ చదవవచ్చును. "రెండున్నర" అన్న మాట ఒకచోట రెండున్నర వేలు, మరొకచోట రెండున్నర లక్షలు. మాట్లాడేటప్పుడు సందర్భము మనకు తోడుగా ఉంటుంది. వ్రాసిన కాగితము పది సంవత్సరాలు పెట్టెలో ఉన్న తరువాత ఆ సందర్భము దానివెంట రాదు.

అందుచేత మొదటి నియమము ఇది: మాట్లాడినట్లు వ్రాయవద్దు, సున్నలన్నీ వేసి వ్రాయండి. "65" అని గాని, "65 వే." అని గాని కాక, రూ. 65,000 అని వ్రాయండి. "లక్షన్నర" అనే బదులు రూ. 1,50,000 అని వ్రాయండి. "1.5 లక్షలు" అని వ్రాసేవారున్నారు. లెక్కప్రకారము అది తప్పు కాదు. కాని లక్షా అయిదు వేలు వ్రాయవలసి వచ్చినప్పుడు 1.05 అని వ్రాయాలి. తొందరలో ఆ సున్న జారిపోతే నలభై అయిదు వేల తేడా వస్తుంది.

మన భాషలో ఇంకొక చిక్కు కూడ ఉన్నది. ఇరవై, అరవై అనే మాటలకు మధ్య ఒక్క అక్షరమే తేడా. ఫోనులో సరిగా వినబడకపోతే ఒకటి మరొకటిగా మారుతుంది. "ఇరవయ్యా, అరవయ్యా?" అని మరల అడగడానికి సిగ్గుపడవద్దు. చెప్పేవారు కూడ "ఇరవై వేలు, అనగా రెండు, తరువాత నాలుగు సున్నలు" అని విడదీసి చెప్పితే అవతలివారు సరిగా వ్రాసుకుంటారు.

కామా ఎక్కడ? చుక్క ఎక్కడ?

కామాను చాలామంది అలంకారమనుకుంటారు. అది అలంకారము కాదు, కాపలాదారు. మన దేశములో కుడివైపునుండి మొదట మూడు అంకెలు, ఆ తరువాత రెండేసి అంకెల చొప్పున విడదీస్తాము: 1,000 వేయి, 1,00,000 లక్ష, 1,00,00,000 కోటి. కామాలు లేకుండా 1000000 అని వ్రాస్తే అది లక్షో, పది లక్షలో సున్నలు వేలితో లెక్కపెట్టుకోవాలి. 10,00,000 అని వ్రాస్తే చూపుతోనే తెలుస్తుంది.

అమెరికాలోనూ, మరికొన్ని దేశాలలోనూ మూడేసి అంకెలకు ఒకసారి కామా పెడతారు. అక్కడ 100,000 అంటే మన లక్ష. 1,000,000 అంటే వారికి ఒక మిలియను, మనకు పది లక్షలు. విదేశములో ఉన్న పిల్లలు పంపిన కాగితాలు చదివేటప్పుడు కామాలను చూసి అంచనా వేయకుండా అంకెలు లెక్కపెట్టుకోండి.

గోదావరి జిల్లాలనుండి, కడప ప్రాంతమునుండి కువైటు వెళ్లి కష్టపడుతున్నవారు చాలామంది ఉన్నారు. వారి ఇళ్లలో తప్పక తెలిసియుండవలసిన సంగతి ఒకటున్నది. మన రూపాయికి నూరు పైసలు. కువైటు దీనారుకు వేయి ఫిల్సులు. అందుచేత అక్కడ చుక్క తరువాత మూడు అంకెలు వ్రాస్తారు. రసీదు మీద 150.000 అని ఉంటే అది నూట యాభై దీనార్లే గాని, లక్షా యాభై వేలు కాదు. 12.500 అంటే పన్నెండున్నర దీనార్లు. బహ్రెయిన్ దీనారుకు, ఒమాన్ రియాలుకు కూడ ఇలాగే వేయి భాగాలున్నాయి. దుబాయి దిర్హాముకు మాత్రము నూరు ఫిల్సులే. చుక్కను కామాగా చదివితే, పంపినవారి కష్టము మీద ఇంట్లో లేనిపోని మాటలు పుడతాయి. "అంత పంపితే ఇంతే ముట్టిందేమి?" అనే అనుమానము ఎంతో దూరములో ఉన్న బిడ్డను బాధపెడుతుంది.

పైసలు వ్రాసేటప్పుడు కూడ రెండు అంకెలు వేయాలి. పన్నెండున్నర రూపాయలను 12.50 అని వ్రాయాలి, పన్నెండు రూపాయల అయిదు పైసలను 12.05 అని వ్రాయాలి. 12.5 అని వదిలేస్తే అది అయిదు పైసలా, యాభై పైసలా అని చదివేవారు ఆగిపోతారు.

తాతలనాటి కాగితాలు దగ్గరున్నవారికి ఒక మాట. 1957 ఏప్రిల్ 1వ తేదీకి ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ఆనాటి లెక్కలలో రూ. 12-4-0 అని ఉంటే పన్నెండు రూపాయల నాలుగు అణాలు, అనగా నేటి లెక్కలో 12.25. దానిని 12.40 అనుకోకూడదు. పొలము వాటాలను కూడ ఆ రోజులలో అణాలలో వ్రాసేవారు. "నాలుగు అణాల వాటా" అంటే నాలుగవ వంతు వాటా అని అర్థము. అది డబ్బు మొత్తము కాదు.

ఖాళీ జాగా ఎక్కడ ఉంటే అక్కడే ప్రమాదము

మొత్తమును ఎంత స్పష్టముగా వ్రాసినా, దాని ముందు గాని వెనుక గాని ఖాళీ వదిలితే ప్రయోజనము లేదు. "రూ." అన్న తరువాత వేలెడంత చోటు వదిలి 5,000 అని వ్రాస్తే, ఆ చోటులో ఒకటి చేర్చడానికి ఒక్క నిమిషము చాలు. అది 15,000 అవుతుంది. "రూ." ప్రక్కనే అంకె మొదలుపెట్టండి. చివర "/-" అని గీత పెట్టే అలవాటు మన పెద్దలనుండి వచ్చినది. కుడివైపు మరొక అంకె చేరకుండా అది తలుపు వేస్తుంది. కామా కూడ ఇక్కడ మేలు చేస్తుంది. 5,000 ప్రక్కన మరొక సున్న పెడితే 5,0000 అని వికారముగా కనబడి దొంగతనము బయటపడుతుంది.

అక్షరాలలో వ్రాసేటప్పుడు మన భాషలో ఎడమవైపే ఎక్కువ ప్రమాదము, ఎందుకంటే పెద్ద సంఖ్య ముందు వస్తుంది. "అయిదు వేలు" అనే మాటకు ముందు జాగా ఉంటే "నలభై" అని చేర్చవచ్చును. అది నలభై అయిదు వేలవుతుంది. "మూడు వేలు" ముందు "పద" అనే రెండక్షరాలు చేర్చితే పదమూడు వేలు. గనుక పంక్తి మొదటనే వ్రాయడము ప్రారంభించండి. చివర "రూపాయలు మాత్రమే" అని ముగించి, మిగిలిన ఖాళీని గీతతో మూసివేయండి. "మాత్రమే" అనే మాట మర్యాదకోసము పెట్టినది కాదు, ఇంతకు మించి లేదని చెప్పడానికి పెట్టినది.

అంకెలను కూడ పోలికలేకుండా దిద్దుకోవాలి. తొందరలో వ్రాసిన 1 ఏడుగా మారుతుంది, 0 ఆరుగా మారుతుంది, 3 ఎనిమిదిగా మారుతుంది. ఇంట్లో బడికి వెళ్లే పిల్లల చేత వ్రాయించినా, వ్రాసిన తరువాత పెద్దలు పైకి చదివి సరిచూడాలి.

అంకెకు, అక్షరానికి తేడా వస్తే

ప్రామిసరీ నోట్లు, చెక్కులు మన దేశములో 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము ప్రకారము నడుస్తాయి. ఆ చట్టములోని 18వ సెక్షను ఏమి చెబుతుందంటే, అంకెలలో ఒక మొత్తము, అక్షరాలలో వేరొక మొత్తము ఉన్నట్లయితే అక్షరాలలో ఉన్నదే లెక్కలోనికి వస్తుంది. చాలామంది అంకెలను మాత్రము కళ్లు పెద్దవి చేసుకొని చూసి, అక్షరాలను చదవకుండా సంతకము చేస్తారు. చట్టము చూసేది మాత్రము మనము చదవని ఆ పంక్తినే. చదవడము రానివారు నమ్మకమైన మరొకరి చేత ఆ పంక్తిని పైకి చదివించుకొని, ఆ తరువాతనే వ్రేలిముద్ర వేయాలి.

ఇంతకంటె గట్టిగా చెప్పవలసిన మాట మరొకటున్నది. అవసరములో అప్పుకు వెళ్లినప్పుడు కొందరు ఖాళీ నోటు మీద స్టాంపు అంటించి సంతకము చేయించుకుంటారు. "మొత్తము తరువాత వ్రాసుకుంటాములే" అంటారు. అలా సంతకము చేసి ఇచ్చినవారు, ఆ స్టాంపు సరిపోయే మొత్తము వరకు నోటును పూర్తిచేసుకునే అధికారము అవతలివారికి ఇచ్చినట్లే ఎంచబడతారని అదే చట్టములోని 20వ సెక్షను చెబుతున్నది. తరువాత కోర్టులో కాదని నిరూపించడము పేదవాడికి తేలిక కాదు. ఆసుపత్రి ఖర్చుకు పది వేలు తీసుకొని ఖాళీ నోటు ఇచ్చిన మనిషి తన పొలమునే ప్రమాదములో పెట్టినట్లవుతుంది. మొత్తము నింపని కాగితము మీద సంతకము చేయవద్దు, మరొకరి చేత చేయించవద్దు.

అప్పు ఇచ్చేవారికి కూడ ఇందులో హెచ్చరిక ఉన్నది. వ్రాసిన నోటులో రెండవవారి సమ్మతి లేకుండా మొత్తము వంటి ముఖ్య విషయాన్ని దిద్దితే, ఆ నోటు వారి మీద చెల్లకుండా పోతుందని 87వ సెక్షను చెబుతున్నది. మంచి ఉద్దేశముతో దిద్దినా సందేహము సందేహమే. నోటులో తప్పు పడితే దానిని చింపి మరొకటి వ్రాసుకోవడము మేలు. చెక్కు విషయములోనూ ఇంతే. చెక్కు మీద మొత్తమును గాని, పేరును గాని దిద్దితే బ్యాంకులు అంగీకరించవద్దని రిజర్వు బ్యాంకు 2010లో ఆదేశించింది. దిద్దిన చోట సంతకము పెట్టినా లాభములేదు, కొత్త చెక్కు వ్రాయవలసినదే.

వడ్డీ నెలకా, ఏడాదికా?

మన పల్లెలలో "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. బ్యాంకువారు శాతము అన్నప్పుడు సంవత్సరానికి చెబుతారు. ఈ రెండు లెక్కలనూ కలిపి "వడ్డీ 2 శాతము" అని మాత్రమే వ్రాస్తే ఏమవుతుందో చూడండి. అసలు రూ. 50,000 అనుకుందాము. నెలకు నూటికి రెండు చొప్పున నెల వడ్డీ రూ. 1,000, మూడేళ్లకు రూ. 36,000. సంవత్సరానికి రెండు శాతము చొప్పున ఏడాది వడ్డీ రూ. 1,000, మూడేళ్లకు రూ. 3,000. ఒకే కాగితము, ఒకే అంకె, కాని తేడా రూ. 33,000! "నూటికి నెలకు రూ. 2 చొప్పున, అనగా సంవత్సరానికి 24 శాతము" అని రెండు విధాలుగా వ్రాస్తే ఎవరికీ సందేహముండదు. అంతేకాదు, ఆ 24 అనే అంకెను కళ్లారా చూసినప్పుడు, తీసుకునేవారు మరొకసారి ఆలోచించుకుంటారు.

తీర్చినది కూడ వ్రాయాలి

అప్పు తీసుకున్నరోజున ఉన్న శ్రద్ధ తీర్చేరోజున ఉండదు. పంట అమ్మిన డబ్బులో కొంత తీసుకువెళ్లి చేతిలో పెట్టి వచ్చేస్తాము. ఎప్పుడు కొంత చెల్లించినా, నోటు వెనుక చెల్లు వ్రాయించాలి: తేది, అంకెలలో మొత్తము, అక్షరాలలో మొత్తము, అది అసలుకా వడ్డీకా, ఇద్దరి సంతకాలు. అంతా తీరిన రోజున నోటును వెనుకకు తీసుకోవాలి. అప్పు ఇచ్చినవారికి కూడ ఈ చెల్లు అవసరమే. నోటు మీద దావా వేయడానికి సాధారణముగా మూడు సంవత్సరాలే గడువు. ఆ గడువులోగా బాకీదారు స్వహస్తముతో వ్రాసి గాని, సంతకము చేసి గాని పెట్టిన చెల్లు ఉంటే, అక్కడనుండి గడువు మరల లెక్కకు వస్తుంది.

ఇప్పుడు చాలామంది ఫోనులోనే డబ్బు పంపుతున్నారు. ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్నది ఫోను చెబుతుంది గాని, ఎందుకు అన్నది మనము వ్రాయకపోతే చెప్పదు. అది చేబదులా, బాకీ తీర్చడమా, పెండ్లి కానుకా? పంపేటప్పుడే రెండు మాటలు వ్రాయండి, ఇంటి పుస్తకములో కూడ ఎక్కించండి. రహస్య సంఖ్య నొక్కేముందు సున్నలు లెక్కపెట్టుకోండి. ఒక్క సున్న ఎక్కువైతే 500 అయిదు వేలవుతుంది.

సంఘము లెక్కలు, పొదుపు లెక్కలు

సంఘము కానుకలు, స్త్రీల పొదుపు సొమ్ము, పండుగ చందాలు పదిమంది డబ్బు. వాటిని చూసేవారికి ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇద్దరు కూర్చుండి, ఏ నోట్లు ఎన్ని అన్నది విడివిడిగా వ్రాసి కూడాలి. ఉదాహరణకు:

500 నోట్లు 7 – రూ. 3,500
200 నోట్లు 4 – రూ. 800
100 నోట్లు 12 – రూ. 1,200
50 నోట్లు 9 – రూ. 450
నాణెములు – రూ. 85
మొత్తము రూ. 6,035/- (అక్షరాలా ఆరు వేల ముప్పై అయిదు రూపాయలు మాత్రమే)

క్రింద ఇద్దరి సంతకాలు, తేది. ఇంటికి వెళ్లి వ్రాద్దాములే అనుకోకుండా అక్కడే వ్రాయాలి. తప్పు పడితే తెల్లరంగు పూయవద్దు, పెన్నుతో బరికివేయవద్దు. తప్పు అంకె కనబడేలా ఒక్క గీత గీసి, ప్రక్కన సరియైనది వ్రాసి, ఇద్దరూ పొడి సంతకము చేయాలి. దాచిన తప్పు అనుమానము పుట్టిస్తుంది. కనబడేలా దిద్దిన తప్పును ఎవరూ తప్పుపట్టరు. లెక్క చూసే సహోదరునికి ఆ పుస్తకమే రక్ష. ఎవరైనా ఒక మాట అన్ననాడు అతడు వాదించనక్కరలేదు, పుస్తకము తెరిచి చూపితే చాలు.

ఒకే పద్ధతి, ప్రతిసారీ

పైన చెప్పినవాటికి చదువు ఎక్కువ అక్కరలేదు. కావలసినది ఒకే పద్ధతిని ప్రతిసారీ పాటించడము. ఒక పేజీలో "రూ." అనీ, మరొక పేజీలో 2010 జూలైలో వచ్చిన "₹" గుర్తు అనీ మార్చి మార్చి వ్రాయవద్దు. ఏదో ఒకటి ఎంచుకోండి. చిన్న మొత్తమైనా, పెద్ద మొత్తమైనా ఒకే తీరున వ్రాయండి. వంద రూపాయల దగ్గర అలవాటైన చేయి లక్ష రూపాయల దగ్గర తడబడదు.

ఈ నెలలో ఒక సాయంత్రము భార్యాభర్తలిద్దరూ కూర్చొని ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బయటకు తీయండి. ఇవ్వవలసినవి, రావలసినవి ఒక పుస్తకములో అంకెలలోనూ అక్షరాలలోనూ వ్రాయండి. అవతలివారు బ్రతికి ఉండగానే, స్నేహము చెడకముందే, వారి దగ్గరకు వెళ్లి సందేహమున్న అంకెను స్పష్టము చేసుకోండి. ఎదిగిన పిల్లల చేత ఒకసారి పైకి చదివించండి. వారు ఆగకుండా, మిమ్మల్ని అడగకుండా చదవగలిగితే ఆ వ్రాత సరియైనదే. వారు ఎక్కడ ఆగితే అక్కడ మరల వ్రాయండి. పిల్లలకు మనము పొలము ఇచ్చినా, ఇవ్వలేకపోయినా, తగవులేని కాగితము మాత్రము తప్పక ఇవ్వగలము.